కాలవ దాకా వాలు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. వాకిట్లో నులక మంచం మీద నాయనమ్మ గురమ్మ. పొయ్యి దగ్గర అమ్మ రాజకుమారి. చలవ పంచె కట్టుకుని లోపలికీ బయటికీ తిరుగుతున్న నాన్న జగన్నాధం. కోటదిబ్బను కొలవడానికి పురావస్తు శాఖ తరఫున శ్రీకాకుళం నుంచి వచ్చి, నాన్న బలవంతం మీద భోజనానికి ఆగిన మోహనకృష్ణ గారు. ఆయన జీపు డ్రైవరు. వంటింటి తలుపు వెనక యమున.

లేనిదల్లా నాన్నకు అప్ప, దేముడమ్మ అత్త ఒక్కర్తే. ఆవిడ దిబ్బకు దిగువన కట్టుకుంటున్న కొత్త ఇంటి గోడలకు నీళ్లు పడుతూ అక్కడే ఉండిపోయింది. పిలవడానికి వెళ్లిన యమునతో, తన ఆకలి కంటే గోడ దాహం పెద్దదని చెప్పి పంపేసింది. గోడలు లేచాయి, కప్పు పడాలి. భోగాపురం విమానాశ్రయం పనుల్లో ఉన్న మావ సెలవు దొరికించుకుని వస్తే స్లాబు వేసేస్తారు.

తలుపు వెనక నిలబడటం యమునకు అలవాటే. ఊళ్లో హైస్కూల్లో పదో తరగతి చదువుతోంది. హాజరు పిలిచినప్పుడు మేస్టారు తలెత్తి చూస్తే గానీ ఆ పిల్ల వచ్చిందో లేదో తెలియదు. నోటితో అనలేనివన్నీ డైరీలో రాసుకుంటుంది. కొత్త మనిషి ఇంటికొస్తే మంచినీళ్ల గ్లాసు గడప మీద పెట్టి వెనక్కి తగ్గుతుంది.

మోహనకృష్ణ గారి పని ఏమిటో నాన్న పొద్దున్నే అమ్మకు చెప్పాడు. పాత కోటలు ఎక్కడితో అయిపోతాయో చూసి హద్దు రాసుకుంటారు. ఆ హద్దు లోపల కొత్త గోడ లేవకూడదు, లేచిన గోడ మీద కప్పు పడకూడదు. అమ్మ గరిటె ఆపి, మరి వదినగారి ఇల్లో అని అడిగింది. కోటంటే కందకం దాకానే గదా, అప్ప ఇల్లు అవతలెక్కడో చదును నేలలో ఉంది, మనకేమీ లేదన్నాడు నాన్న. యమున ఆ మాట విన్నది, మరిచిపోయింది.

కోటదిబ్బంటే ఇప్పుడు మిగిలింది కూలిన మట్టిగోడ, దాని చుట్టూ సగం పూడిన కందకం, కందకానికి ఇవతల నాలుగు వైపులా దిగే వాలు. ఆ వాలు మీద ఊళ్లో ఎవరూ చెట్టు వేయరు, గడ్డివామి పెట్టరు, గేదెను కట్టడానికి రాటైనా పాతరు. ఏటా కోటమ్మ తల్లి సంబరానికి ముందు నాలుగు ఇళ్లవాళ్లు పారలు పట్టుకుని తలో వైపూ తుప్పలు లేకుండా చెక్కేస్తారు. దక్షిణం వైపు గురమ్మ ఇంటిది. దేముడమ్మ పెళ్లిలో పసుపు కుంకుమ కింద దిగువన కాస్త నేల ఇచ్చి, ఆ నేలతో పాటే చెక్కుడు పని కూడా ఇచ్చేశారు. అప్పటి నుంచి ఆ వైపు ఆవిడదే.

ఎవరి వాలు పొడవైతే సంబరంలో మొదటి ఘటం వాళ్ల నెత్తిన. దీని మీదే ఒకప్పుడు పెద్ద తగువైంది. పడమటి వైపు చెక్కే తాతమ్మ అనే ఆవిడ, దేముడమ్మ వాలు సగంలో అడ్డంగా ఉన్న ముళ్లకంచె దగ్గరే ఆగిపోయిందని, ఆ తర్వాత ఉన్నది ఉత్త చదునని, కాబట్టి తమదే పొడవని పెద్దల్ని పోగేసింది. దేముడమ్మ మాటకు మాట చెప్పలేదు. అప్పటికి నాలుగో తరగతి చదువుతున్న యమునను సైకిలెక్కించి కందకం ఒడ్డున నిలబెట్టింది. కాళ్లు పైకెత్తేసెయ్, తొక్కకు అని చెప్పి వదిలేసింది. సైకిలు కంచె సందులోంచి దూరి, చదునని తాతమ్మ అన్న నేలంతా దాటి, కాలవ గట్టు తగిలి ఆగింది. పెద్దలు నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల తర్వాత యమునకు ఇంకెక్కడా ఎవరూ కొట్టలేదు. మొదటి ఘటం దేముడమ్మ నెత్తికెక్కింది.

పోయిన మాఘంలో కంచెకూ కాలవకూ మధ్య ఇంటికి పునాది తీసినప్పుడు ఎవరో అడగనే అడిగారు, ఇది వాలు కాదా అని. కంటికి వాలు కనబడితే సూపించండి, పునాది పూడ్సేస్తాను అంది దేముడమ్మ. ఎవరూ చూపించలేకపోయారు. అప్పటి నుంచి ఆ నేల సంబరానికి వాలు, ఇంటికి చదును. ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు. యమునా చూడలేదు.

మోహనకృష్ణ గారు అరిటాకు ముందు కూర్చుని పప్పు కలుపుకోబోయి ఆగారు. కోట ఎలా కట్టారో చెబుతానంటూ అన్నాన్ని మధ్యలోకి కుప్పగా నెట్టారు. దాని చుట్టూ వేలితో పాయ తీసి ముద్దపప్పు పోయించుకున్నారు. పప్పుకు అవతల ఇంకొంచెం అన్నం తీసుకుని, పప్పు అంచు దగ్గర మందంగా మొదలుపెట్టి ఆకు చివరికి వచ్చేసరికి మెతుకు మెతుకుగా పల్చబడేలా పరిచారు. భావనపాడు ఎండురొయ్యలతో వండిన వంకాయ కూర ఓ మూల చల్లారిపోతోంది.

"కూర బాగునేదేటో. అన్నంతో ఆడతన్నాడు" అంది అమ్మ యమున చెవిలో.

ఆయన చెప్పిందేమిటంటే, కోటకు వాలు ఒకటి కాదు. కందకంలోకి దిగే లోపలి గట్టు ఎస్కార్ప్. ఎదురుగా ఉన్న బయటి గట్టు కౌంటర్‌స్కార్ప్. ఆ గట్టు పైనుంచి బయటికి, పొలాల వైపు మెల్లగా దిగిపోయే ఈ పల్చటి అన్నం గ్లేసిస్. చిన్న మట్టికోటకు ఇంత పద్ధతిగా ఉండటం ఆయన ఎక్కడా చూడలేదట. కట్టించినవాడు ఎవరో తెల్లవాళ్ల కొలువులో పనిచేసి వచ్చినవాడై ఉండాలని ఆయన ఊహ.

వాలు వాలుకూ పేరెందుకని నాన్న అడిగాడు.

"పనుంది కాబట్టి పేరుంది. మొదటి రెండూ మనిషిని ఆపడానికి. ఈ మూడోది ఆపదండి, రమ్మంటుంది" అన్నారు మోహనకృష్ణ గారు. "ఎక్కడం తేలిక. కానీ ఎక్కినంతసేపూ గోడ మీద తుపాకీ పట్టుకున్నవాడికి కనబడుతూనే ఉంటాం. చెట్టుండదు, పుట్టుండదు, గొయ్యి ఉండదు. దాక్కుందామంటే చోటు లేదు."

దూరం నుంచి ఫిరంగి పేల్చినా గుండు ఆ వాలు మట్టిలో దిగబడుతుందే తప్ప గోడ మొదలుకు తగలదని కూడా చెప్పారు. యమున తలుపు సందులోంచి ఆ అన్నాన్నే చూస్తోంది. ఆ వాలు మీద తను దొర్లింది, జారింది, అత్తతో కలిసి పార పట్టింది. అది అమ్మవారి ఒడి అని నాయనమ్మ చెప్పింది. మనుషులు దగ్గరికి రావాలని ఒడి ఉంటుందా, వచ్చినవాళ్లను కాల్చాలని ఉంటుందా? రెండూ ఒకే చోట ఎలా కుదురుతాయో ఆమెకు అంతుపట్టలేదు.

నాయనమ్మకు ఆ గొడవ లేదు. తుపాకీ లేదు గిపాకీ లేదు, తల్లికి తన వాలు మీద నీడ పడితే కిట్టదని మంచం మీంచే తేల్చేసింది. చెట్టు వెయ్యొద్దని మొదట చెప్పిందెవరో మరిచిపోయి ఉంటారమ్మా, చెప్పిన పని మాత్రం మానలేదు అన్నారు ఆయన మర్యాదగా. తర్వాత, దక్షిణం వైపు అంత శుభ్రంగా ఉంచుతున్నది ఎవరని అడిగారు. మా అప్పే అన్నాడు నాన్న, గొంతులో కొంచెం గర్వంతో. ఆవిడ పేరు రిపోర్టులో రాయాలన్నారు ఆయన. డ్రైవరు చేత పేరు రాయించుకున్నారు కూడా.

"మరి ఆవిడ చెక్కే వాలు ఎందాకా ఉందంటారు?"

నాన్న చెయ్యి అన్నంలో ఆగింది. మోహనకృష్ణ గారి ఆకు మీద పల్చబడి పల్చబడి చివరికంటా వెళ్లిన మెతుకుల్ని చూశాడు. "ముళ్లకంచె దాకండి" అన్నాడు. "ఆ తర్వాత అంతా సదునే."

యమున తలుపు సందులోంచి ముందుకు వంగింది. ముళ్లకంచె దాకా అన్నది తాతమ్మ మాట. అత్త పేరు పక్కన, పట్నం నుంచి వచ్చినవాళ్ల కాగితంలో, తాతమ్మ మాట రాసుకుంటున్నారు. రేపు సంబరంలో తాతమ్మ ఆ కాగితం చూపిస్తే మొదటి ఘటం ఏమవుతుంది? నాన్నకు తెలియదా? తెలిసే అన్నాడా? నాయనమ్మ వైపు చూస్తే ఆమె కళ్లు మూసుకుని ఉంది.

"కాలవ దాకా" అన్న మాట యమున నోట్లోంచి వచ్చింది.

తలుపు వెనక నుంచి గొంతు వినబడేసరికి అందరూ తిరిగి చూశారు. చిన్నపిల్ల, దానికేం తెలుస్తుందని నాన్న నవ్వబోయాడు. నాయనమ్మ కళ్లు తెరిచింది.

"కాలవ దాకానే బాబూ. ఈ ఆడగుంట నిజమే సెప్పింది. ఊరు ఊరంతా ఒప్పుకున్న మాటది."

పొద్దున తను చూసినప్పుడు అక్కడ నేల చదునుగానే కనబడిందే అన్నారు మోహనకృష్ణ గారు.

"కంటికి తెల్దండి. సైకిల్‌కి తెలుస్తాది" అంది యమున.

ఆయన పెరుగు వేయించుకోకుండానే లేచి చేయి కడుక్కున్నారు.

అందరూ దిబ్బ మీదికి నడిచారు. మోహనకృష్ణ గారు ముందు, నాన్న వెనక, సైకిలు నడిపించుకుంటూ యమున. దారిలో నాన్న అడుగు తగ్గించి ఆమె పక్కకు వచ్చాడు. పెదవి కదపకుండా, "కంచె కాడ బ్రేకెయ్యి" అన్నాడు. ఎందుకని అడిగేలోగా మోహనకృష్ణ గారు వెనక్కి తిరిగారు. నాన్న పైపంచెతో మొహం తుడుచుకున్నాడు.

కందకం ఒడ్డున సైకిలెక్కి యమున కాళ్లు పైకెత్తింది. చక్రం మొదట తటపటాయించినట్టు కదిలి, తర్వాత దానంతట అదే దారి పట్టింది. గాలి చెవుల్లో దూరింది. కంచె దగ్గర పడుతోంది. చేతి కింద బ్రేకు ఉంది. వెయ్యమన్నాడు నాన్న. వేస్తే తాతమ్మ నెగ్గుతుంది. నాన్నకు తాతమ్మ ఎప్పటి నుంచి కావలసిన మనిషైంది? లేక ఇంకేదో ఉందా? ఆ ఇంకేదో ఏమిటో తలకు అందేలోపల కంచె వెనక్కి పోయింది.

ఎదురుగా దేముడమ్మ స్టూలెక్కి గోడ మీద పైపుతో నీళ్లు చల్లుతోంది. సైకిల్ని చూసి పైపు పైకెత్తి ఊపింది, నీళ్లు తన మీదే పడ్డాయి.

"అదీ నా గుంటంటే" అని అక్కడి నుంచే అరిచింది. "కాలు దింపకే, కాలవ దాకా పో."

యమున కాలు దింపలేదు. ఇల్లు పక్కనుంచి వెళ్లిపోయింది. సైకిలు నెమ్మదించి, నెమ్మదించి, కాలవ గట్టు తగిలి ఆగింది. ఈసారి చప్పట్లు లేవు.

మోహనకృష్ణ గారు కిందికి నడిచి వచ్చారు. వచ్చినవారు గట్టు దగ్గర నేల మీద బోర్లా పడుకుని, గడ్డం మట్టికి ఆనించి, దిబ్బ వైపు ఒక కన్నుతో చూశారు. లేచి బట్టలు దులుపుకుంటున్నప్పుడు ఆయన మొహం సంబరం చూసొచ్చిన పిల్లాడిలా ఉంది. గోడ మీంచి చూస్తే ఇక్కడి దాకా నేల వాలు ఎక్కడా తెగలేదన్నారు. గ్లేసిస్ చివర ఇదేనన్నారు. డ్రైవరు జీపులోంచి కర్రకు కట్టిన ఎర్రగుడ్డ తెచ్చి కాలవ గట్టున పాతాడు.

"నువ్వు చెప్పకపోతే నేను ఆ కంచె దగ్గరే ఆపేసి వెళ్లిపోయేవాణ్ణమ్మా" అన్నారు ఆయన యమునతో మెచ్చుకుంటూ.

నాన్న గొంతు సవరించుకున్నాడు. మధ్యలో మా అప్ప ఇల్లుందండి అన్నాడు. మోహనకృష్ణ గారు ఆ ఇంటిని అప్పుడే చూసినట్టు చూశారు. కప్పు పడిందా అని అడిగారు. ఇంకా లేదన్నాడు నాన్న. ఆయన కాసేపు ఎర్రగుడ్డనూ ఇంటినీ మార్చి మార్చి చూసి, అయితే ప్రస్తుతానికి ఆపమనండి అన్నారు. తను చూసింది తను రాయాలని, పైవాళ్లు ఏం చేస్తారో తన చేతిలో లేదని, ఆవిడ వాలును కాపాడిన సంగతి మాత్రం తప్పకుండా రాస్తానని అన్నారు. ఆ గొంతులో నిజంగానే బాధ ఉంది. అయినా ఆయన ఎర్రగుడ్డ పీకించలేదు.

దూరం నుంచి దేముడమ్మ ఆ గుడ్డ ఏమిటని చేత్తో సైగ చేసి అడిగింది. ఏమీ లేదన్నట్టు నాన్న చెయ్యి ఊపి, తల దించుకుని ఇంటి దారి పట్టాడు.

జీపు వెళ్లిపోయాక ఇంట్లో ఎవరూ యమునను తిట్టలేదు. తిడితే బాగుండేది. అమ్మ ఎంగిలాకులు ఎత్తుతూ, ఏడాదికోసారి నోరిప్పుతుంది ఈ పిల్ల, అదేదో ఇవాళే ఇప్పాలా అని ఆకులతో అన్నది. మరి అబద్ధమాడమంటావా, మన వాలు మనది కాదని చెప్పుకోవాలా అని నాయనమ్మ లేచి కూర్చుంది. చెప్పింది నువ్వు కూడాను అని నాన్న తల్లి మీద విరుచుకుపడ్డాడు. కూతురి ఇల్లు ఆ వాలులోనే ఉందని నాయనమ్మకు అప్పుడు తట్టినట్టుంది.  మంచం మీద అటు తిరిగి పడుకుంది.

"దానికి ఎవులు సెప్తారిప్పుడు?" అన్నాడు నాన్న గోడ వైపు చూస్తూ.

అమ్మ ఎంగిలాకులు పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

యమున లోపలికెళ్లి డైరీ తీసింది. ఎస్కార్ప్, కౌంటర్‌స్కార్ప్, గ్లేసిస్ అని రాసింది. నేను నిజం చెప్పాను అని రాసి, అది నిజమే గానీ చెప్పవలసిన నిజమో కాదో తెలియక కొట్టేసింది. నేను తప్పు చేశాను అని రాసింది. ఏది తప్పు? కాలవ దాకా అనడమా, బ్రేకు వెయ్యకపోవడమా? కంచె దగ్గర తనకు నాన్న మాట అర్థం కాలేదా, అర్థమైనా అత్త చూస్తోందని ఆగలేదా? ఎంత తవ్వుకున్నా ఆ ఒక్క క్షణం దొరకలేదు. ఆ వాక్యమూ కొట్టేసింది. పుస్తకం మూసి, సైకిలు ముట్టుకోకుండా నడుచుకుంటూ బయల్దేరింది.

పొద్దు వాలుతోంది. వాలు మీద నీడ పడేది ఏమీ లేదు, యమున నీడ ఒక్కటే పొడుగ్గా ముందు పడి నడుస్తోంది. దేముడమ్మ కొత్త ఇంటి గుమ్మం ముందు కూర్చుని తడి కోక పిండుకుంటోంది. గోడలకు పైన ఆకాశం తప్ప మరేమీ లేదు గానీ ముందు గుమ్మానికి తలుపులు మాత్రం అప్పుడే బిగించేశారు. మావ పంపించిన టేకు తలుపులట. వానకు తడుస్తాయని ఎవరు చెప్పినా ఆవిడ వినలేదు.

"రాయే. సైకిలు భలే పోనిచ్చినావు" అంది. "తాతమ్మ సూసుంటే కుళ్లిపోవును. ఆ ఎర్రగుడ్డేటి, సంబరానికి గుర్తా?"

యమున నిలబడింది. వచ్చే దారంతా నాన్న చెబుతాడనో, అమ్మ వెనకాల వస్తుందనో అనుకుంటూనే వచ్చింది. వెనక ఎవరూ లేరు.

"హద్దు అత్తా. కోట హద్దు. అది గ్లేసిస్ అంట. గుడ్డకి లోపల కప్పు వెయ్యకూడదంట."

దేముడమ్మ కోక పిండుతూనే ఉంది. నీళ్లు కారడం ఆగిపోయినా పిండుతోంది. ఆవిడ కళ్లు ఎర్రగుడ్డ మీదికి వెళ్లి, ఇంటి మీదుగా కంచె దాకా వచ్చి, మళ్లీ యమున మీద ఆగాయి.

"ఆడేనా కనిపెట్టినాడు?"

"కాదు. నాను సెప్పినాను."

"మీ నాన్న నేడా అక్కడ?"

"ఉన్నాడు. కంచె దాకా అనే సెప్పినాడు."

ఆ మాట విన్నాక దేముడమ్మ మొహం మారింది. కోపమనుకుంది యమున, కోపం కాదు. ఏడుపనుకుంది, ఏడుపూ కాదు. తెలిసిన మనిషిని గుర్తుపట్టలేనట్టు చూస్తోంది.

"నా తమ్ముడు నాకోసం అబద్దమాడినాడు" అంది నెమ్మదిగా. "మరి నువ్వెందుకు సెప్పినావే?"

ఘటం కోసమని చెప్పాలి. నీ పేరు రాస్తుంటే నీ వాలు తగ్గించి రాశారని చెప్పాలి. తాతమ్మ కాగితం పట్టుకొస్తుందని చెప్పాలి. అన్నీ ఒకేసారి గొంతులోకి వచ్చాయి. వాటిలోంచి బయటపడింది ఒక్కటే.

"నువ్వే కదత్తా, కాలవ దాకా అని..."

ఆ మాట సగంలో ఆగిపోయినా చాలింది. అది నింద కాదని, తను నిజంగా అడుగుతోందని యమున అనుకుంది. అత్త చెబుతుందనుకుంది. ఈ ఊళ్లో ఆ నేల సంగతి తెలిసినది ఆవిడొక్కర్తే. అది వాలో చదునో ఆవిడ ఒక్క మాట అంటే తను ఇంటికెళ్లి నిద్రపోగలదు.

దేముడమ్మ కోకను దులిపి భుజాన వేసుకుంది. లేచి, గడప దాటి లోపలికి వెళ్లింది. రెండు రెక్కల మధ్య నుంచి యమునను ఒకసారి చూసింది.   ఎడమ రెక్క దగ్గరికి లాగింది, దాని మీదికి కుడి రెక్క నెట్టింది. తర్వాత లోపల గెడ పడింది.